కునుకు ఖరీదు

గుడివాడ దాటి నందివాడ వైపు మళ్లితే కాసేపటికి రోడ్డుకి రెండు పక్కలా నీళ్లే. ఒకప్పుడు వరి పండిన నేలలు ఇప్పుడు గట్టు తర్వాత గట్టుగా చేపల చెరువులయ్యాయి. పగలు వెళ్తే నీళ్లలో పాతిన కర్రలూ, వాటికి వేలాడే మేత సంచులూ కంటపడతాయి. రాత్రి వెళ్తే చప్పుడొక్కటే. చెరువుల్లో, చక్రాలతో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. దూరం నుంచి వింటే తెల్లవార్లూ ఎవరో రేవులో బట్టలు ఉతుకుతున్నట్టుంటుంది.

ఆ చప్పుడు ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే. హైదరాబాదులో నేను చేసే ఉద్యోగం కూడా అదే. కంప్యూటర్‌కీ దానికి తగిలించిన పరికరానికీ మధ్య మాట మోసే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. నేను డ్రైవర్లు రాస్తాను. అందులోనూ నా వాటా పని, పరికరాన్ని ఎప్పుడు నిద్రపుచ్చాలో ఎప్పుడు లేపాలో తేల్చడం. పదేళ్లు ఆ పని చేసి కూడా, మా బాబాయి చెరువు గట్టు మీద ఒక మోటారు కాలిపోయేదాకా, నిద్రకి ఖరీదుంటుందన్న మాట నాకు పూర్తిగా ఒంటబట్టలేదు. మీరు ప్రోగ్రాములు రాసేవారైనా, పరీక్షలకి చదువుకునేవారైనా, కొట్టు నడుపుకునేవారైనా ఆ మోటారు కథ మీకు పనికొస్తుందని నమ్ముతున్నాను.

బాబాయిది ఐదెకరాల చెరువు. బొచ్చె, శీలావతి పిల్ల వేస్తాడు. కొన్నేళ్లుగా వాటితో పాటు వనామి రొయ్య కూడా. 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగున్నాయి. చెరువు ఊపిరి పీల్చే తీరు తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని పచ్చదనం, అంటే కంటికి ఆనని నాచు, ఆక్సిజన్ తయారుచేస్తూ ఉంటుంది. పొద్దుగూకాక తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు. చేపలు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత, చివరికి ఆ నాచు కూడా రాత్రంతా ఆక్సిజన్‌ని తినేస్తాయి. అందుకే తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి ముందు, అది అన్నిటికన్నా కిందికి పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా కాసుకోవాలని రొయ్యలు పెంచేవాళ్లు చెబుతారు. మరీ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుంటాయి. ఆ దృశ్యం ఒక్కసారి చూసిన రైతుకి ఆ తర్వాత రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టదు.

బాబాయి పద్ధతి సాదాసీదాగా ఉండేది. రాత్రి తొమ్మిదికి నాలుగూ వేస్తాడు, పొద్దున ఏడింటికి ఎండ తగిలాక ఆపుతాడు. మబ్బు పడితే ఆపడు. నాకు అది దుబారాగా కనిపించింది. 2 హెచ్‌పీ అంటే దాదాపు కిలోవాటున్నర. పది గంటలకి 15 యూనిట్లు, నాలుగింటికి కలిపి 60. ఆక్వా కరెంటు యూనిట్ ధరని 2019లో రూపాయిన్నరకి తగ్గించారు, అప్పటికి బాబాయి కనెక్షన్ ఆ ధర మీదే ఉంది. రాత్రికి 90 రూపాయలు. ఆక్సిజన్ బాగున్న గంటల్లో కూడా మోటార్లు తిరుగుతున్నాయి కదా, ఆ గంటలు మిగిల్చితే రాత్రికి 30 రూపాయలు ఆదా అవుతాయని లెక్కేశాను. ఒక సెన్సర్ కొని, చిన్న కంట్రోలర్ బోర్డు తయారుచేసి, వేసవి సెలవులకి వెళ్లినప్పుడు షెడ్డులో బిగించాను. ఆక్సిజన్ 4 కన్నా తగ్గితే మోటార్లు వెయ్యి, 4 దాటితే ఆపు. ఇంతే నియమం.

మూడో వారంలో బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, మూడో ఏరియేటర్ కాలిపోయింది. నీ డబ్బా రాత్రంతా టకటకా కొట్టుకుంటానే ఉందిరా."

నేను వెళ్లి రికార్డు చూశాను. ఒక్క రాత్రిలో మోటార్లు 61 సార్లు ఆగి మళ్లీ మొదలయ్యాయి. సెన్సర్ ఏరియేటర్ పక్కనే ఉంది. చక్రం తిరగగానే అక్కడి నీళ్లలో ఆక్సిజన్ పెరిగి 4 దాటుతుంది, మోటారు ఆగుతుంది, నాలుగు నిమిషాల్లో మళ్లీ 3.9కి జారుతుంది. చెరువు మొత్తం ఎలా ఉందో నా పెట్టెకి తెలియదు. దాని కాళ్ల దగ్గర నీళ్లు చూసి అది తీర్పులిస్తోంది.

గుడివాడలో వైండింగ్ షాపతను కాలిన తీగ చుట్టలు విప్పి చూపించాడు. రంగు మారి, వార్నిష్ మాడి, చేత్తో నలిపితే పొడిగా రాలుతోంది. నేరుగా స్టార్ట్ చేసే మోటారు మొదటి క్షణాల్లో మామూలుగా లాగే కరెంటుకి ఆరు రెట్లు లాగుతుంది. ఆరు రెట్లన్నది వినడానికి పెద్దగా అనిపించదు. కానీ తీగలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. ఆరు ఆర్లు ముప్ఫయ్యారు. ఆ కొద్ది క్షణాలూ తీగ 36 రెట్ల వేడిని భరిస్తుంది. తర్వాత తీరిగ్గా తిరిగితే ఆ వేడి నెమ్మదిగా పోతుంది. కొద్ది నిమిషాలకోసారి అదే దెబ్బ పడితే ఎక్కడికి పోతుంది? చక్రం గేరు మీద పడే కుదుపు దీనికి అదనం.

వైండింగ్‌కి 3,600 రూపాయలు ఇచ్చాం. రాత్రికి 30 చొప్పున మిగిల్చితే 120 రాత్రుల ఆదా ఒక్క మోటారుకి పోయింది. ఇక్కడ ఒక్క సంగతి నిదానంగా గమనించండి. మోటారు మొదలయ్యేటప్పుడు అదనంగా లాగిన కరెంటు బిల్లులో ఒక్క రూపాయి కూడా పెంచి ఉండదు, అది ఉండేది ఒకటి రెండు క్షణాలే. నేను కరెంటు ఖాతాలో ఆదా చేశాను, నష్టం ఆయుష్షు ఖాతాలో పడింది. ఆదా చేసే మనిషి సాధారణంగా ఒకే ఖాతా చూస్తాడు. నేనూ అంతే చూశాను.

ఈ పాఠం కంప్యూటర్ల లోపల ఎప్పటినుంచో ఉంది. హార్డ్ డిస్కుల్లో చదివే తలని కాసేపు పనిలేనప్పుడు పక్కకి తీసి పెట్టే ఏర్పాటుంది. చాలా డిస్కులకి ఆ తలని ఎత్తి దించడం 3,00,000 సార్ల దాకా తట్టుకుంటుందని తయారీదారులు రాసిచ్చేవారు. పెద్ద సంఖ్యే. కానీ ఆత్రపు సెట్టింగ్ ఒకటి అరనిమిషానికోసారి తల దించుతూ లేపుతూ ఉంటే రోజుకి 2,880 సార్లు. 105 రోజులు తిరక్కుండానే మూడు లక్షలు అయిపోతాయి. విద్యుత్తు పొదుపు పేరుతో డిస్కు ప్రాణం తీయడమంటే ఇదే.

ప్రాసెసర్లదీ ఇదే లెక్క. ఇంటెల్ 2015లో తెచ్చిన స్కైలేక్ ప్రాసెసర్లకి, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్లో ఒక పట్టిక ఉంటుంది. కొత్తగా మా పనిలో చేరిన పిల్లలకి నేను మొట్టమొదట చూపించేది దాన్నే. ప్రాసెసర్‌కి నిద్ర ఒక్క రకం ఉండదు. పైపైన కునుకు నుంచి ఒళ్లు తెలియని నిద్రదాకా మెట్లుంటాయి. ప్రతి మెట్టుకీ రెండు అంకెలు రాసి ఉంటాయి: లేవడానికి ఎంత సమయం పడుతుంది, కనీసం ఎంతసేపు పడుకుంటే ఆ నిద్ర గిట్టుబాటవుతుంది. పైమెట్టుకి రెండూ 2 మైక్రోసెకన్లే. అట్టడుగు మెట్టుకి లేవడానికి 890 మైక్రోసెకన్లు, గిట్టుబాటుకి 5,000.

ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఎడం చూడండి. లేవడానికి పట్టే కాలానికి అయిదు రెట్లకు పైగా పడుకుంటే తప్ప లాభం లేదు. ఎందుకంటే లోతుగా పడుకునే ముందు చేతిలో ఉన్నవన్నీ సర్దాలి, లేచాక మళ్లీ అన్నీ దగ్గరికి తెచ్చుకోవాలి. అప్పటిదాకా అందుబాటులో ఉంచుకున్న సమాచారం చల్లబడిపోయి ఉంటుంది. మనుషుల పనీ అంతే; కానీ విరామం తర్వాత మనలో చాలామంది వేసే లెక్క కుర్చీలోకి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం మాత్రమే. ఆలోచనలోకి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయాన్ని లెక్కలో వేయం.

సరే, విరామం ఎంతసేపుంటుందో ముందే తెలిస్తే ఈ లెక్క పిల్లలు కూడా వేస్తారు. తెలియనప్పుడు ఏం చేయాలి?

దీనికో పాత చిక్కుప్రశ్న ఉంది. మన ఊళ్ల భాషలో చెబుతాను. మీ చెరువుకి జనరేటర్ కావాలి. అద్దెకైతే రోజుకి 500, కొంటే 20,000. ఎన్నాళ్లు అవసరమో తెలియదు. కరెంటు రేపే కుదుటపడొచ్చు, నెలలు పట్టొచ్చు. మొదటిరోజే కొంటే రేపు కరెంటు బాగుపడి 20,000 ఇరుక్కుపోవచ్చు. అద్దెకే ఉంచేస్తే ఏడాది పొడుగునా కట్టాల్సి రావచ్చు. లెక్కల పండితులు చెప్పిన జవాబు వినడానికి తేలిక: 40 రోజులు అద్దె కట్టండి, అద్దెల మొత్తం కొనుగోలు ధరతో సమానం కాగానే కొనేయండి. భవిష్యత్తు ఎలా వచ్చినా, అన్నీ ముందే తెలిసిన మనిషి పెట్టే ఖర్చుకి మీ ఖర్చు రెట్టింపు దాటదు. అంతకన్నా చెప్పుకోదగ్గంత మంచి హామీ, పాచిక వేయకుండా, ఎవరూ ఇవ్వలేరు.

నిద్రకీ ఇదే సూత్రం. పరికరం మెలకువగా ఖాళీగా ఉండటం అద్దె. పడుకుని లేవడం కొనుగోలు. లేవడానికి అయ్యే ఖర్చు ఎంతసేపటి ఖాళీ మెలకువతో సమానమో చూసుకుని, అంతసేపు ఊరికే కాచుకుని, అప్పటికీ పని రాకపోతే పడుకోబెట్టాలి. లైనక్స్‌లో పరికరాలన్నిటికీ కలిపి, ఖాళీగా ఉన్నవాటిని నిద్రపుచ్చే ఒక ఉమ్మడి ఏర్పాటు 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 కెర్నెల్‌తో వచ్చింది. దాన్ని రాసింది రఫాయెల్ విసోట్స్కీ. తర్వాతి ఏడాది ఆలన్ స్టెర్న్ అందులో ఈ 'కాచుకుని పడుకో' పద్ధతిని చేర్చారు. యూఎస్‌బీ పరికరాలకి మామూలుగా ఆ కాచుకునే కాలం 2 సెకన్లు. యూఎస్‌బీ తీగ మీద ఆ కాలం గడిచాక 3 మిల్లీసెకన్లు మౌనం ఉంటే పరికరం పడుకోవాలి. లేపడానికి 20 మిల్లీసెకన్ల పిలుపు, ఆపైన తేరుకోవడానికి 10. ముప్ఫయి మిల్లీసెకన్ల ఖర్చున్న నిద్రకి రెండు సెకన్ల కాపలా ఎందుకంటే, పరికరంతో ఇప్పుడే మాట్లాడినవాడు మళ్లీ మాట్లాడే అవకాశం ఎక్కువ. కొట్టులో సరుకు కట్టించుకున్న మనిషి గుమ్మం దాకా వెళ్లి 'అన్నట్టు, అగ్గిపెట్టొకటి' అని వెనక్కి తిరగడం మనం రోజూ చూసేదే. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కొట్టు మూయకూడదు.

ఇంకొంచెం తెలివైన పద్ధతీ ఉంది. ప్రాసెసర్‌ని ఏ మెట్టు నిద్రకి పంపాలో తేల్చే ఒక భాగం లైనక్స్‌లో చివరి 8 విరామాలు ఎంతెంతసేపు ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటే రాబోయేదీ అంతే ఉంటుందని అంచనా కడుతుంది. ఎనిమిదే. సంవత్సరాల చరిత్ర అక్కర్లేదు.

దీన్ని నేను నా మీదే ప్రయోగించుకున్నాను, మీరూ చేయండి. పెద్ద పద్ధతేం లేదు. ఒక కాగితం మీద, పని మధ్యలో మీకు దొరికిన చివరి 8 ఖాళీలు ఎంతసేపున్నాయో రాయండి: మీటింగుకీ మీటింగుకీ మధ్య, ట్యూషన్‌కీ భోజనానికీ మధ్య, ఇద్దరు గిరాకీల మధ్య. పక్కనే, ఆ ఖాళీ తర్వాత మీరు మళ్లీ పనిలో పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. పుస్తకం తెరిచిన నిమిషం రాయకండి, చదివింది బుర్రకెక్కడం మొదలైన నిమిషం రాయండి. నావి రాసి చూసుకుంటే ఖాళీలు చాలావరకు పది పన్నెండు నిమిషాలవి. తిరిగి పనిలో పడటానికి మాత్రం పావుగంట. అంటే ఖాళీ దొరికిన ప్రతిసారీ ఫోన్ తెరిచి వేరే లోకంలోకి వెళ్లడం నాకు గిట్టుబాటు కాని నిద్ర. రోజంతా 61 సార్లు ఆగి మొదలైన మోటారుని నేనే.

ఇది రాస్తే 'అయితే విశ్రాంతే తీసుకోవద్దా' అని మా ఆవిడ అడిగింది. తీసుకోవాలి. మెట్టు చూసుకోవాలి. పది నిమిషాల ఖాళీకి పైమెట్టు కునుకు చాలు: లేచి నాలుగడుగులు వేయడం, మంచినీళ్లు తాగడం, కిటికీలోంచి చూడటం. చేస్తున్న పని మనసులో ఒక మూల వెచ్చగానే ఉంటుంది. నిజమైన కునుక్కీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంబర్ బ్రూక్స్, లియాన్ లాక్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రాత్రి నిద్ర చాలనివాళ్లని మధ్యాహ్నం 5, 10, 20, 30 నిమిషాలు పడుకోబెట్టి చూశారు. పది నిమిషాలు పడుకున్నవాళ్లు లేచీ లేవగానే చురుగ్గా ఉన్నారు, ఆ చురుకు రెండు గంటలు దాటి నిలిచింది. అరగంట పడుకున్నవాళ్లు లేచాక కాసేపు మత్తులోనే ఉండి, ఆ తర్వాత లాభం పొందారు. లేచిన వెంటనే బండి నడపాల్సిన మనిషికీ, సాయంత్రం దాకా తీరికున్న మనిషికీ ఒకే కునుకు సరిపోదు.

గంటా రెండు గంటల ఎడం దొరికితే మాత్రం లోతైన మెట్టుకి దిగండి. పని పూర్తిగా మూసేయండి. అయితే దిగేముందు ఒక్కటి చేయాలి. డ్రైవర్‌లో పరికరాన్ని పడుకోబెట్టే భాగం రాసేటప్పుడు, కరెంటు తీసేయకముందే దాని లోపలి స్థితిని మెమరీలో దాచిపెడతాం. దాచకపోతే లేచాక ఆ చిప్పుకి తనెవరో తెలియదు; పుట్టినరోజు నాటి స్థితిలో నిలబడుతుంది. మనమూ అంతే. పని ఆపే ముందు రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి: ఎక్కడ ఆపాను, రాగానే చేయాల్సిన మొదటి పని ఏమిటి. ఈ రెండు వాక్యాలు రాయడం మొదలుపెట్టాక నా పావుగంట ఆరేడు నిమిషాలకి తగ్గింది. నిద్రని చవక చేయడమంటే ఇది. గిట్టుబాటు లెక్క మారిపోయి, అంతకుముందు పనికిరాని చిన్న ఖాళీలు కూడా విశ్రాంతికి పనికొస్తాయి.

అసలు నిద్ర పట్టని పరికరాల సంగతి కూడా చెప్పాలి. మా డ్రైవర్లలో ప్రతి పరికరానికీ ఒక లెక్క నడుస్తుంది. వాడబోయేవాడు 'పట్టుకున్నాను' అంటే లెక్క ఒకటి పెరుగుతుంది, 'వదిలాను' అంటే ఒకటి తగ్గుతుంది. సున్నా అయితేనే పరికరం పడుకుంటుంది. ఒకసారి ఒక కెమెరా చిప్పు ఎంతకీ పడుకోకుండా రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ చేసేసేది. రెండు రోజులు వెతికాను. లైనక్స్‌లో పరికరాన్ని లేపి పట్టుకునే పాత పిలుపుకి ఒక గుణం ఉంది: లేపడం విఫలమైనా లెక్క మాత్రం పెరుగుతుంది. నేను రాసిన ప్రోగ్రాములో, లేవకపోతే 'పొరపాటు' అని చెప్పి వెనక్కి వచ్చేసే దారిలో 'వదిలాను' అనే మాట లేదు. పని జరగనే లేదు, పట్టుకున్న లెక్క మాత్రం మిగిలిపోయింది. ఇది ఎంతమంది చేసే తప్పంటే, విఫలమైతే లెక్కని కూడా వెనక్కి తీసే కొత్త పిలుపుని 2020లో 5.10 కెర్నెల్‌తో చేర్చారు.

మనుషుల్లో ఈ జబ్బు నేను చాలా చూశాను. పడుకున్నా పడుకోనివాళ్లు. చేస్తామన్న పనులు చేయగలిగినంత చేసి, కుదరనివి కుదరలేదని ఎవరికీ చెప్పకుండా, లోపల లెక్క అలాగే ఉంచుకునేవాళ్లు. పెళ్లి సంబంధం చూస్తానని మాటిచ్చి, అది తప్పిపోయాక కూడా అవతలివాళ్లకి ఫోన్ చేయకుండా మూణ్ణెల్లు బాధపడ్డ పెద్దమనిషి నాకు తెలుసు. జరగని పనికి 'వదిలాను' అన్న మాట జరిగిన పనికన్నా ముఖ్యం. రాత్రి పడుకోబోయే ముందు, ఈ రోజు పట్టుకున్నవాటిలో వదలనివి ఎన్నో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. వదలగలిగినవాటికి అప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి.

ఇంకొకటుంది, దీన్ని కంప్యూటర్ ప్రపంచం ఆలస్యంగా నేర్చుకుంది. 2007లో ఇంటెల్ వాళ్లు పవర్‌టాప్ అనే చిన్న పనిముట్టు విడుదల చేశారు. ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని సెకనుకి ఎన్నిసార్లు లేపుతోందో అది వరసగా చూపిస్తుంది. ఎక్కువ పని చేసే ప్రోగ్రామ్‌లే బ్యాటరీ తింటాయని అందరూ అనుకునే రోజులు. తీరా చూస్తే, దాదాపు ఏ పనీ చేయకుండా 'ఏమైనా ఉందా, ఏమైనా ఉందా' అని మాటిమాటికీ లేచి చూసుకునే ప్రోగ్రామ్‌లు బోలెడు బయటపడ్డాయి. తలా ఒక టైములో లేపే బదులు అందరూ ఒకేసారి లేపేలా సర్దడం ఆ తర్వాత ఊపందుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2013 నుంచి అలారాలని గుంపుగా మోగించడం, 2015 నుంచి డోజ్ పేరుతో కదలకుండా ఉన్న ఫోన్‌ని గాఢనిద్రలో ఉంచి మధ్యమధ్య కొద్దిసేపు మాత్రమే లేపడం ఈ దారిలోవే. కొట్టు నడిపే మా మిత్రుడొకడికి ఈ సంగతి చెబితే, సరుకు కంపెనీల వాళ్లని రోజూ ఎవరికి వీలైనప్పుడు వాళ్లు రావడం మాన్పించి మంగళ, శుక్రవారాల్లో పదకొండు లోపే రమ్మన్నాడు. పని ఏమీ తగ్గలేదు. లేవడాలు తగ్గాయి.

చెరువు దగ్గరికి తిరిగొద్దాం. కాలిన మోటారు బాగై వచ్చాక కంట్రోలర్‌ని మళ్లీ రాశాను. ఈసారి బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని రాశాను. సెన్సర్‌ని ఏరియేటర్ నీటిజోరు తగలని చోటికి, చెరువు లోతున్న వైపుకి జరిపాం. దాని మీద పాకుడు పడితే అంకెలు తప్పుతాయి కాబట్టి వారానికి రెండుసార్లు తుడిచే పని గట్టు మీద కాపలా ఉండే అతను తీసుకున్నాడు. 4.5కి పడితే వెయ్యి, 6 దాటితే తప్ప ఆపొద్దు. ఈ రెండు అంకెల మధ్య ఎడమే అసలు మందు. ఒకసారి వేశాక ఎట్టి పరిస్థితిలోనూ గంట లోపు ఆపొద్దు. నాలుగూ కలిసి ఆగి కలిసి లేవడం కూడా తీసేశాం: రెండు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, మిగతా రెండే అవసరాన్ని బట్టి. కరెంటు పోయి వచ్చినప్పుడు నాలుగూ ఒకేసారి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ ఎగురుతుంది. చుట్టుపక్కల చెరువుల మోటార్లన్నీ కూడా అదే క్షణంలో లేస్తాయి కదా. అందుకని కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి, ఒక్కోదానికీ అరనిమిషం ఎడంతో వేసేలా పెట్టాం.

మధ్యాహ్నం మాటొకటి నేను చదివి తెలుసుకున్నది, బాబాయి అనుభవంతో సరిపోయింది. మంచి ఎండలో నాచు ఎంత ఆక్సిజన్ తయారుచేస్తుందంటే, నీళ్లు పట్టగలిగినదానికన్నా ఎక్కువే చేరుతుంది. అప్పుడు ఏరియేటర్ తిప్పితే ఆ ఎక్కువ కాస్తా గాల్లోకి పోతుంది. రాత్రికి పనికొచ్చే నిల్వని కరెంటు పెట్టి మరీ పారబోయడమే. మబ్బు లేని మధ్యాహ్నం మెలకువే నష్టం.

ఈ మార్పుల తర్వాత, అవసరాన్ని బట్టి తిరిగే ఆ రెండు మోటార్లు రాత్రికి రెండు మూడుసార్లకి మించి లేవడం లేదు. ఆదా 30 రూపాయల నుంచి 20కి దిగింది. నేను ఇంకాస్త గీకుదామని, ఆ 6ని 5.5కి తగ్గిద్దామా అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు.

"ఇరవై రూపాయలు చాల్లేరా. ఆ మిగిలిన పది నా నిద్రకి ఖర్చు అనుకో."

ఆ మాటలో ఒక ఇంజనీరింగ్ సూత్రముంది. పరికరం ఎంత లోతుగా పడుకోవచ్చో దాన్ని తయారుచేసినవాడు ఒక్కడే నిర్ణయించకూడదు, లేచేదాకా ఎదురుచూసేవాడినీ అడగాలి. లైనక్స్‌లో ఆ మాట చెప్పుకునే చోటుంది; 'నేను ఇంతకన్నా ఎక్కువసేపు ఆగలేను' అని ప్రోగ్రామ్‌లు ముందే రాసిపెడితే, ఎంత ఆదా వచ్చినా అంతకన్నా లోతైన మెట్టుకి ప్రాసెసర్ దిగదు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో మీరు లేచేదాకా ఎదురుచూసేవాళ్లు ఎవరు? ఫోన్ కట్టేసి పని చేసుకునే గంటలు పెట్టుకునేటప్పుడు వాళ్లని అడిగారా? మా అమ్మకి షుగరు. నేను ఫోన్ మూసుకునే రెండు గంటల్లో ఆవిడ నంబరొక్కటే మోగుతుంది. ఆ ఒక్క మినహాయింపు వల్ల నా ఏకాగ్రత ఏమీ చెడలేదు. నిజానికి అది లేని రోజుల్లోనే మనసు ఫోన్ వైపు లాగేది.

బాబాయి మరో షరతు కూడా పెట్టాడు. డబ్బా పక్కన ఒక స్విచ్చి ఉండాలి. ఒకవైపు తిప్పితే ఆటో, ఇంకోవైపు తిప్పితే డబ్బా ఏమనుకున్నా మోటార్లు తిరగాల్సిందే. లైనక్స్‌లో ప్రతి పరికరానికీ ఇలాంటి స్విచ్చి ఒకటుంది. ఒక ఫైల్లో 'ఆటో' అని రాస్తే నిద్ర సంగతి కెర్నెల్ చూసుకుంటుంది, 'ఆన్' అని రాస్తే ఆ పరికరం పడుకోదు. యూఎస్‌బీ పరికరాల్లో హబ్బులు తప్ప మిగతావాటిలో చాలావాటికి కెర్నెల్ తనంతట తాను 'ఆన్' అనే ఉంచుతుంది. పడుకుని సరిగా లేవలేని పరికరాలు లోకంలో చాలా ఉన్నాయి కాబట్టి. ఇది తెలిసి కూడా నా మొదటి డబ్బాకి ఆ స్విచ్చి పెట్టలేదు. రెండోదానికి పెట్టాను, ఎర్ర రంగుది, చీకట్లో చేతికి తగిలేంత పెద్దది.

పోయిన శ్రావణంలో ఒక రాత్రి హైదరాబాదులో పడుకోబోతూ డబ్బా నా ఫోన్‌కి పంపే చెరువు ఆక్సిజన్ గీత చూశాను. ఆక్సిజన్ 6.3 ఉంది. నాలుగు మోటార్లూ తిరుగుతున్నాయి. డబ్బా చెడిపోయిందేమోనని గుండె ఝల్లుమంది. పదిన్నర దాటినా ఫోన్ చేశాను. వెనక నుంచి నాలుగు చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

"మూడ్రోజుల్నుంచి ముసురు పట్టిందిరా. ఎండ మొహం చూడలేదు. నేనే తిప్పాను. నువ్వు పడుకో."

"సరే బాబాయ్" అని, ఫోన్ పక్కన పెట్టేశాను.